నీళ్లు గుట్టెక్కవు

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర అప్పుడప్పుడు ఈ ముచ్చట మొదలవుతుంది. "ముంబై మీద దాడి జరిగిన రాత్రి నువ్వెక్కడున్నావ్?" అని ఎవరో ఒకరు అంటారు. ఇంక అందరికీ ఊపొస్తుంది. ఒకరు హాస్టల్లో టీవీ ముందు, ఒకరు రైల్లో, ఒకరు ఏకంగా పెళ్లిచూపుల్లో. జరిగింది ఎక్కడో, పోయింది ఎవరో, కానీ ఆ వార్త విన్నప్పుడు తమ చేతిలో ఏముందో కూడా మనుషులు మర్చిపోరు. నేను నవ్వుతూ వింటాను. మాట కేదార్‌నాథ్ వరదల మీదికి మళ్లితే మాత్రం టిఫిన్ బాక్సు కడుక్కోవాలని లేచిపోతాను. చెప్పడం ఇష్టంలేక కాదు. ఆ కథ భోజన విరామంలో ఒడవదు.

ఆ వానాకాలం మేం నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండేవాళ్లం. మా నాయిన సాయిలు అక్కడ వాచ్‌మన్. నేను చందానగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా అమ్మ బాలమ్మ మూడో అంతస్తులో కనకలక్ష్మి అమ్మగారింట్లో పనిచేసేది. మాది జోగిపేట అవతల ఒక చిన్న ఊరు, అమ్మగారిది రాజమండ్రి. ఆమె కొడుకు రవికిరణ్ సార్, కోడలు ఉమాశ్రీ మేడమ్ ఇద్దరూ గచ్చిబౌలిలో కంప్యూటర్ల ఉద్యోగాలకు పొద్దున్నే వెళ్లిపోతే, ఆ ఇంట్లో మిగిలేది అమ్మగారు, అమ్మ, ఇంటినిండా వాళ్లిద్దరి తగాదాలు. చీపురు గోడకు నిలబెట్టావని ఆమె, మీ కాఫీ చేదని ఈమె. సాయంత్రానికి ఇద్దరూ బాల్కనీలో కూర్చొని ఒకే పళ్లెంలో పల్లీలు ఒలుచుకుంటూ కనిపించేవాళ్లు.

మా నాయినకు రెండే పిచ్చులు. ఒకటి తెలంగాణ, ఇంకొకటి మా అమ్మ. మొదటిది ఊరందరికీ తెలుసు. లింగంపల్లి చౌరస్తాలో వంటావార్పు జరిగితే పొయ్యి ముట్టించేవాళ్లలో ముందుండేవాడు. రెండోది దాచుకున్నాననుకునేవాడు.

"మీ తెలంగాణ వస్తే మమ్మల్ని వెళ్లగొడతావా సాయిలూ?" అని అమ్మగారు లిఫ్టు దగ్గర ఆపి మరీ అడిగేది.

"మిమ్ముల వెళ్లగొడితే బాలమ్మ నన్ను ఇంట్లకెల్లి వెళ్లగొడ్తదమ్మా," అనేవాడు నాయిన.

అమ్మగారికి చార్‌ధామ్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. మోకాళ్లు సహకరించవు. కొడుకు కోడళ్లకు సెలవు లేదు. అందుకని అమ్మను తోడు రమ్మంది. అమ్మ అప్పటిదాకా జహీరాబాద్ దాటి ఎరగదు. ఎగిరి గంతేయాల్సింది పోయి పేచీ పెట్టింది.

"మిరుగం నాడు చాప తినకుంట ఇల్లు దాటుడు నా బతుకుల లేదమ్మా. మిరుగం పోయినంక పోదాం."

"కేదారేశ్వరుడు నీ చేపకి తీసిపోయాడుటే?"

"తీసిపోయిండని కాదు. ఆయన ఎటు పోతడు, ఆడనే ఉంటడు. చాప మిరుగం నాడే మంచిగుంటది."

చివరికి దేవుడే గెలిచాడు. మృగశిర కార్తె ఇంకా రెండురోజులుందనగా బయల్దేరారు. అమ్మగారి పాత మెరూన్ స్వెటర్ ఒకటి అమ్మకు వచ్చింది. అలవాటు కావాలని ఆ జూన్ ఉక్కలోనే తొడుక్కొని, చెమటలు కక్కుతూ పార్కింగ్‌లో అటూ ఇటూ తిరిగింది. రవికిరణ్ సార్ కారులో సంచులు సర్దుతున్నాడు. అమ్మగారు ముందు సీట్లో కూర్చుంది. నాయిన ఏం మాట్లాడాలో తెలియక తనకు తెలిసిన ఒకే ఒక్క మాట మాట్లాడాడు.

"నువ్వొచ్చేసరికి తెలంగాణ వస్తది చూడు."

"ఏయ్! నేను లేనప్పుడు రావొద్దని చెప్పు మీ సార్లకు. గిన్నేండ్లు ఆగింది, జర నేనొచ్చేదాక ఆగదా? వచ్చిన్నాడు మొదటి లడ్డు నా నోట్లెనే వెట్టాలె. ఎవలకన్న ముందు. మాటియ్యి."

నాయిన చుట్టూ చూశాడు. అందరూ చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ అమ్మ అరచేతిలో చెయ్యి వేశాడు. "ఇచ్చిన పో."

"ఇదిగో సాయిలూ, నేను సాక్ష్యం," అంది అమ్మగారు కారులోంచి. "ఆ లడ్డు మా కొంప ముంచేదైనా సరే, నేను సాక్ష్యం."

కారు గేటు దాటింది. అమ్మ వెనక అద్దంలోంచి చెయ్యి ఊపుతోంది. స్వెటర్ ఇంకా విప్పలేదు.

ఆ వారం అమ్మ పని నేను చేశాను. రోజూ సాయంత్రం అమ్మగారి ఫోన్ నుంచి నాయిన ఫోన్‌కు కాల్ వచ్చేది. గంగ ఎంత సల్లగున్నదో, బస్సులో ఎవరికి వాంతులయ్యాయో, పప్పులో కారం ఎంత తక్కువుందో అన్నీ చెప్పేది. ఆఖరి ఫోన్ గుప్తకాశీ అనే ఊరి నుంచి వచ్చింది. నాయిన స్పీకర్ పెట్టాడు.

"అమ్మగారికి మోకాళ్లు వాసినయే జ్యోతీ. అడుగు తీసి అడుగు వెయ్యస్తలేదు. మీదికి రాదట. నా బదులు నువ్వు పోయి, నా పేరు మీద అభిషేకం చేపిచ్చి రా అంటున్నది. గోత్రం చెప్పాల్నట. పొద్దటిసంది అదే సదువుకుంటున్న. కౌం... కౌం... ఏందమ్మా?"

వెనక నుంచి అమ్మగారి గొంతు. "కౌండిన్యస! ఎన్నిసార్లు చెప్పాలే!"

"ఆఁ, కౌండిన్యస గోత్రం. కనకలక్ష్మి, రవికిరణ్, ఉమాశ్రీ. వచ్చింది గద?"

"ఇంకోసారి చెప్పు," అంది అమ్మగారు.

అమ్మ మళ్లీ చెప్పింది. మళ్లీ తప్పింది. ఇటు నేనూ నాయినా పొట్ట పట్టుకొని నవ్వుతున్నాం. అటు వాళ్లిద్దరూ నవ్వుతున్నారు.

"మరి మన పేర్లు?" అన్నాడు నాయిన.

"మన పేర్లు దేవునికి ఎరుకనే తియ్యి. గోత్రం ఉన్నోళ్లకే యాది చెయ్యాలె. సలి బాగున్నది, నేను పండుకుంట. తెల్లారి పోవాలె. బిడ్డా, నాయినకు రాత్రి పూట చారు చెయ్యి, ఊకె పచ్చడేసి పెట్టకు."

ఆ తరువాత ఫోన్ రాలేదు. మీద సిగ్నల్ ఉండదని ముందే చెప్పారు కాబట్టి మేం ఎదురు చూడలేదు.

ఇప్పుడు నేనెక్కడున్నానో చెబుతాను. మూడో అంతస్తులో, అమ్మగారి హాల్లో, చేతిలో చీపురుతో ఉన్నాను. సోఫా కింద ఊడుస్తున్నాను. ఉమాశ్రీ మేడమ్ ఆఫీసుకు తయారై, భుజాన బ్యాగుతోనే టీవీ ముందు నిలబడిపోయింది. తెర మీద గంగానది. ఒడ్డున ధ్యానంలో కూర్చున్న పెద్ద శివుడి విగ్రహం. బురదనీళ్లు ఒడి దాటి, ఛాతీ దాటి, మెడ దాకా వచ్చాయి. చూపించిందే మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు. కింద ఋషికేశ్ అని అక్షరాలు.

"అత్తయ్య ఫోను కలవట్లేదు జ్యోతీ," అంది మేడమ్. "నిన్నట్నుంచీ కలవట్లేదు."

నాకు భయం వేసింది. చీపురు అక్కడే పడేసి కిందికి పరుగెత్తి నాయినను పిలుచుకొచ్చాను. నాయిన చెప్పులు గడప బయట విడిచి వచ్చి, టీవీ వైపు చాలాసేపు చూశాడు.

"గిది కింద ఊరా, మీది ఊరా?"

"కింద. ఋషికేశ్. వాళ్లు ఇంకా చాలా పైకి వెళ్లారు. అత్తయ్య గుప్తకాశీలో, బాలమ్మ దానికన్నా పైన, కేదార్‌నాథ్‌లో."

నాయిన ముఖం తేటపడింది. నిజంగా తేటపడింది, నేను చూశాను.

"అయితే ఏం ఫికర్ లేదమ్మా. గుట్ట మీదున్నోళ్లకు నీళ్ల భయమేంది? నీళ్లు గుట్టెక్కుతయా? మా ఊళ్లె చెరువు తెగితే అందరం ఉరికి గుట్టెక్కుతుంటిమి. బాలమ్మ అన్నిట్ల కంటె మీదున్నది. అమ్మగారే జర కింద ఉన్నది, ఆమె సంగతి చూస్కోండ్రి."

మేం పుట్టి పెరిగిన నేల మాకు నేర్పింది అదే. వాన పడితే పల్లంలో ఉన్నవాడు మునుగుతాడు, గుట్ట మీదున్నవాడు చూస్తాడు. మా ఊరి గుట్ట బండ మీద కూర్చొని, కింద పొలాలు మునుగుతుంటే నేనే చిన్నప్పుడు పల్లీలు నమిలాను. గచ్చిబౌలి బండలు కూడా అంతే, వాటికి వాన అంటే ఒంటి మీద నీళ్లు జారిపోవడమే. గుట్ట మనిషిని ముంచుతుందని మా తాతముత్తాతలు ఎవరూ చెప్పలేదు.

"అవును మేడమ్," అన్నాను నేను కూడా. "అమ్మ మీదనే ఉంది. అమ్మగారికి కూడా ఏం కాదు. మీరు ఏడవకండి."

మేడమ్‌కు మంచినీళ్లు ఇచ్చాను. ఊడ్చిన చెత్త ఎత్తాను. నాయినా నేనూ కిందికి దిగాం. ఆ రాత్రి చారు చేశాను. ఇద్దరం కడుపునిండా తిన్నాం. పాపం అమ్మగారు, అనుకున్నాం. ఆ అన్నం ఎంత రుచిగా ఉండిందో!

కేదార్‌నాథ్ బొమ్మలు టీవీలో వచ్చింది ఆ తరువాత. గుడి ఒక్కటే నిలబడి ఉంది. చుట్టూ ఊరు లేదు. ఇళ్లంత బండలు. గుడికి ఇంకా పైన, మంచుకొండల్లో ఒక చెరువు ఉందనీ, అది తెగి ఒక్కసారిగా మీద పడిందనీ వార్తలు చదివే అమ్మాయి చెబుతోంది.

నాయిన ఆ మాట అర్థం చేసుకోలేకపోయాడు. నన్ను అడిగాడు, ఉమాశ్రీ మేడమ్‌ను అడిగాడు, రెండో అంతస్తులో పేపర్ చదివే పెద్దమనిషిని ఆపి అడిగాడు.

"గుట్ట మీద చెరువు ఎట్లుంటది సారూ?"

ఎవరు చెప్పినా వినేవాడు, తల ఊపేవాడు, మళ్లీ ఇంకొకరిని అడిగేవాడు.

అమ్మగారు బతికే ఉందని మూడోరోజో నాలుగోరోజో తెలిసింది. ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడింది. రవికిరణ్ సార్ ఢిల్లీ వెళ్లి, అక్కడి నుంచి డెహ్రాడూన్ వెళ్లి, ఆమెను తీసుకొచ్చాడు. వచ్చే ముందు అక్కడ ఆసుపత్రులూ శిబిరాలూ తిరిగి, మా అమ్మ ఫోటో చూపించి, కనపడ్డవాళ్లందరినీ అడిగాడు. మెరూన్ స్వెటర్ వేసుకున్న ఆడవాళ్లను చూసి మూడుసార్లు పిలిచానని నాకు చాలా రోజుల తరువాత చెప్పాడు.

కారు వచ్చి పార్కింగ్‌లో ఆగింది. అమ్మగారు లిఫ్టు వైపు వెళ్లలేదు. కొడుకు చెయ్యి విడిపించుకొని, గోడ పట్టుకుంటూ మా గదికి వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఆమె మా గడప తొక్కలేదు. వచ్చి అమ్మ మంచం మీద కూర్చుంది. ఒళ్లు సగమైపోయింది.

"నేనే పంపాను సాయిలూ," అంది.

నాయిన నేల మీద కూర్చొని ఉన్నాడు. తల ఎత్తలేదు.

"మీరేం జేస్తరమ్మా. మీరు పంపింది గుట్ట మీదికే గద. నేనున్నా గదే జేస్తుంటి."

"నా గోత్రం తప్పకూడదని దారంతా అనుకుంటూ పోయిందిట. వెనక నడిచి, బతికొచ్చినవాళ్లు చెప్పారు. గుర్రాలవాళ్లు నవ్వారుట." నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. నాయిన ఏడవలేదు. పోయినవాళ్ల కోసమే ఏడుస్తారనీ, తాను ఏడిస్తే అమ్మ పోయినట్టేననీ ఆయన లెక్క.

జూలై వచ్చింది. ఊరంతా బోనాలు. గచ్చిబౌలి రోడ్డు మీద ఆఫీసు బస్సుల మధ్య నుంచి తలమీద బోనాలెత్తుకొని ఆడవాళ్లు నడిచిపోతుంటే, నాయిన గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క ముఖం చూసేవాడు. తెలంగాణ ఇస్తారంట, ఈసారి నిజమేనంట అని నలుగురూ నాలుగు రకాలుగా అనేవాళ్లు. ఒకప్పుడైతే ఆ మాట ఎక్కడ వినపడితే అక్కడ ఉండే మనిషి, ఇప్పుడు వినీ విననట్టు గేటు తీసి మూసేవాడు. దొరకనివాళ్లందరినీ చనిపోయినవాళ్లుగానే లెక్క కడతామని అక్కడి సర్కారు చెప్పిందని ఒకరోజు వార్త వచ్చింది. నాయిన టీవీ కట్టేయమన్నాడు.

మా మేనత్త సాయమ్మ ఊరి నుంచి వచ్చింది. నాయినకు అక్క. చిన్నప్పుడు ఆయనను ఎత్తుకొని పెంచిన మనిషి.

"పిట్టకు పెట్టాలె తమ్ముడా," అంది.

మా దగ్గర మనిషి పోయాక వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి తింటారని నమ్మకం. కాకి ముట్టిందా, మనిషి తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిందన్నట్టు. కాకి ముట్టిన తరువాతే ఇంట్లోవాళ్లు నోట్లో మెతుకు పెట్టుకోవాలి.

"సచ్చినోళ్లకు పెడ్తరక్కా పిట్టకు," అన్నాడు నాయిన.

"ఉన్నదో లేదో నాకు తెల్వదురా. ఏడున్నా ఆకలైతలేదా దానికి? దాని ఆకలికి పెట్టు."

ఆకలి అనేసరికి నాయిన మెత్తబడ్డాడు. మిరుగం నాడు తినకుండా పోయిన మనిషి కదా. తానే చందానగర్ మార్కెట్‌కు వెళ్లి చేపలు తెచ్చాడు. ఆదివారం పొద్దున అత్త వండింది. నేను విస్తరి పట్టుకున్నాను. టెర్రస్ మీదికి ఎక్కి, నల్లగండ్ల చెరువు కనిపించే వైపు పిట్టగోడ మీద పెట్టాం.

మేం దూరంగా జరిగి నిలబడ్డాక, మెట్ల దగ్గర కర్ర చప్పుడైంది. అమ్మగారు. లిఫ్టు పై అంతస్తు దాకానే వస్తుంది. మిగతా మెట్లన్నీ ఆ మోకాళ్లతో ఎలా ఎక్కిందో ఏమో. కోడిగుడ్డు పేరెత్తితేనే ముక్కు మూసుకునే మనిషి చేపల వాసనలోకి నడిచొచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

కాకి రాలేదు. ఎండెక్కుతోంది. అత్త చేతులు జోడించి పైకి చూస్తూ ఒక్కొక్క మాటే ఇవ్వడం మొదలుపెట్టింది.

"బాలమ్మా, జ్యోతి సదువు ఆపం, ఆమె ఎంత సదివితే అంత. పెండ్లి మంచిగ జేస్తం. సాయిలును నేను చూస్కుంట. ఇంకేం గావాలె నీకు? రాయే తల్లీ."

రాలేదు. నాయిన పెదాల మీద నవ్వులాంటిదేదో కనపడుతోంది. చూశారా, అన్నట్టుగా ఉన్నాడు.

అప్పుడు అమ్మగారు కుర్చీలోంచే అంది. "బాలమ్మా, అభిషేకం చేయించావో లేదో నాకు తెలీదు. చేయించినట్టేనే. నాకు ముట్టింది. ఇంక నా గోత్రం వదిలేసి నువ్వు తిను."

నీళ్ల ట్యాంకు మీదికి ఒక కాకి వచ్చి వాలింది. అటూ ఇటూ మెడ తిప్పి చూసింది. ఎగిరి పిట్టగోడ మీదికి వచ్చింది. విస్తరికి జానెడు దూరంలో ఉంది.

నాయిన ఒక్క ఉదుటున ముందుకు ఉరికాడు. భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు. "ఉష్! పో! పో ఇక్కడికెల్లి!"

కాకి చెరువు వైపు వెళ్లిపోయింది. నాయిన తువ్వాలు తీసి దులుపుకొని భుజాన వేసుకున్నాడు. మా ఎవరి వైపూ చూడలేదు.

"పిట్ట రాలే. చూసిండ్రు గద అందరు. ఆమె బతికే ఉన్నది. ఇగ దిగుండ్రి."

అత్త నోరు తెరవబోయింది. అమ్మగారు కర్రతో నేల మీద చిన్నగా కొట్టింది.

"రాలేదు సాయిలూ," అంది. "నేనూ చూశాను. రాలేదు."

ఆ మాటతో అత్త నోరు మూతపడింది. నాకైతే గుండె తేలికైపోయింది. మా అమ్మ ఎక్కడో ఏ కొండ పల్లెలోనో, ఏ ముసలమ్మ ఇంట్లోనో, భాష రాక, మా పేర్లు చెప్పలేక, వచ్చిన ఆ ఒక్క గోత్రమే చెప్పుకుంటూ ఉందనుకోవడానికి నాకు ఇంకొన్నాళ్లు దొరికాయి. ఆ రోజు మధ్యాహ్నం మేమెవరం అన్నం తినలేదు. కాకి రాలేదు కాబట్టి.

అది ఆదివారం. మంగళవారం సాయంత్రం తెలంగాణ ఇస్తున్నట్టు ఢిల్లీలో ప్రకటించారు.

చందానగర్ వైపు నుంచి మొదటి టపాకాయ పేలిన చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. తరువాత అన్ని వైపుల నుంచీ మొదలైంది. డప్పులు, రంగులు, మోటారు సైకిళ్ల హారన్లు. నాయినతో వంటావార్పుల్లో తిరిగిన స్వామి అనే మేస్త్రీ ముఖం నిండా గులాబీ రంగుతో గేటు దగ్గరికి వచ్చి, "సాయన్నా! వచ్చిందే! రాయే!" అని కౌగిలించుకున్నాడు. నాయిన కూడా కౌగిలించుకున్నాడు. "సంతోషం తమ్ముడా, సంతోషం," అన్నాడు. స్వామి లడ్డు తీసి నోటి దగ్గర పెడితే ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"వద్దు తమ్ముడా. నేను ముందు తినేది లేదు."

స్వామికి ఏం అర్థమైందో, లడ్డు జేబులో పెట్టుకొని మెల్లగా వెళ్లిపోయాడు. నాయిన స్టూలు మీద కూర్చున్నాడు. జీవితమంతా కోరుకున్నది గేటు బయట చిందులేస్తుంటే, ఆయన గేటు లోపల చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. నాకు ఆయనను చూడబుద్ధి కాలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అమ్మగారు ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో చిన్న స్టీలు డబ్బాతో వచ్చింది. పైన రవికిరణ్ సార్ వాళ్ల ఇంట్లో అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయని నాకు తెలుసు. ఆ రోజే ఇచ్చేస్తారన్న వార్తలతో పొద్దుటి నుంచి బంధువులు ఒకటే ఫోన్లు, ఇంక అక్కడ ఉంటారా, ఇల్లు అమ్మేస్తారా అని.

డబ్బా మూత తీసింది. ఒకే ఒక్క లడ్డు. ఇంట్లో చేసినట్టుంది, గుండ్రంగా రాలేదు.

"మాకు సంతోషంగా ఉందని అబద్ధం చెప్పను సాయిలూ. లేదు. కానీ నేను సాక్ష్యం ఉన్నాను కదా. ఇది బాలమ్మది."

నాయిన ఆ లడ్డు వైపు చూశాడు. గేటు కడ్డీ పట్టుకొని, నుదురు దానికి ఆనించి ఏడ్చాడు. వాన మొదలైన నాటి నుంచి దాచుకున్నదంతా ఏడ్చాడు. బయట డప్పుల్లో ఆ ఏడుపు మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడలేదు.

కాసేపటికి ముఖం తుడుచుకొని డబ్బా అందుకున్నాడు. "పా బిడ్డా," అన్నాడు నాతో.

టెర్రస్ మీదికి వెళ్లాం. ఇంకా కాస్త వెలుతురుంది. అదే చోట, పిట్టగోడ మీద, మోదుగాకు పరిచి లడ్డు పెట్టాడు. వెనక్కి జరిగి, నోటి దగ్గర చేతులు పెట్టుకొని పిలిచాడు. "కా... కా... రాయే. వచ్చింది. తెలంగాణ వచ్చింది. రాయే బాలా."

బాలా అని ఆయన పిలవడం నేను అదే మొదటిసారి వినడం.

ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. చుట్టూ టపాకాయలు. చెరువు చెట్ల మీది కొంగలు, కాకులు అన్నీ బెదిరి ఎటో వెళ్లిపోయాయి. రెండురోజుల కింద తువ్వాలు విసిరి తరిమిన మనిషి, ఇప్పుడు ఆ మోతలో గొంతు చించుకొని పిలుస్తున్నాడు. చీకటి పడింది. కిందికి వచ్చేశాం. నాయిన ఏమీ తినలేదు. నేనూ తినలేదు.

తెల్లవారి లేచేసరికి నాయిన మంచం ఖాళీగా ఉంది. పైకి వెళ్లాను. ఊరంతా అలసి నిద్రపోతోంది, కాల్చిన మందు వాసన ఇంకా గాలిలో ఉంది. నాయిన ట్యాంకు పక్కన నిలబడి ఉన్నాడు. తువ్వాలు భుజం మీద లేదు, తీసి దూరంగా మెట్ల మీద పెట్టాడు. నన్ను చూసి, చప్పుడు చేయొద్దని చెయ్యెత్తాడు.

చెరువు వైపు నుంచి ఒక కాకి వచ్చింది. పిట్టగోడ మీద వాలింది. మా వైపు ఒకసారి చూసింది. లడ్డును ముక్కుతో పొడిచింది. ఒక ముక్క తిని, ఇంకో ముక్క పట్టుకొని ఎగిరిపోయింది.

నాయిన చేతులు జోడించాడు. "ముట్టింది బిడ్డా," అన్నాడు.

మిగిలిన లడ్డు తెచ్చి నాకు సగం పెట్టి, సగం తాను నోట్లో వేసుకున్నాడు. ఇద్దరం పిట్టగోడకు ఆనుకొని మెల్లగా నమిలాం. అమ్మగారు చక్కెర ఎక్కువేసింది. అమ్మ ఉండుంటే తప్పకుండా వంక పెట్టేది, అమ్మగారు తప్పకుండా మాట తిప్పికొట్టేది. ఆ తగాదా వినాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. ఇప్పటికీ కొట్టుకుంటుంది.

సర్కారు ఇచ్చిన కాగితంలో జూన్ నెల తేదీ ఏదో ఉంది. అది వాళ్ల లెక్క. మా అమ్మ పోయింది ఆ పొద్దున, నల్లగండ్లలో, మా టెర్రస్ మీది నుంచి. నేనెక్కడున్నానని ఎవరైనా అడిగితే, పక్కనే ఉన్నాను. నోట్లో లడ్డు ఉంది.